ఒకే మేఘం, ఇద్దరు ముద్దాయిలు

ఆషాఢం, రెండో వారం. సముద్రం నెమ్మది.

తూర్పు వరసలో నాచు తాళ్లన్నీ పైకి లాగాం. నాచు ఒత్తుగానే ఎదిగింది కానీ తాళ్లకు గుల్లలు పట్టి బరువెక్కాయి. వాటిని గీకే పని నాకూ హంపమ్మకూ పడింది. ఎండబెట్టే వలలు రెండు చిరిగాయి. మంచినీళ్ల యంత్రం మళ్లీ ఉప్పునీళ్లు ఇస్తోంది. చెప్పాను, చూస్తామన్నారు.

ఈ తేలే జైల్లో ప్రతి వరసకూ ఒక పెద్ద ఉంటుంది. ఆమె రోజూ పని చిట్టా రాయాలి. తూర్పు వరసకు నేనే పెద్దను. నాచు సంగతులు రాశాక మిగిలిన జాగాలో ఏం రాసినా ఎవరూ అడగరు, ఎందుకంటే ఎవరూ చదవరు. అందుకే ఇవాళ్టి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

హంపమ్మ నా తోడికోడలు, మా మరిది తిప్పేస్వామి భార్య. ఇద్దరం ఒకే కేసులో వచ్చాం. మేఘం దొంగలం. మా నల్లగుట్టపల్లి మీదికి వచ్చిన ఒక మేఘం మీద అద్దె డ్రోన్‌తో ఉప్పు చల్లి, ఎండిపోతున్న వేరుశనగ మీద కురిపించుకున్నాం. అది కింది ఊళ్ల జలాశయానికి కేటాయించిన మేఘమని పోలీసులు వచ్చాకే తెలిసింది. ఏ మేఘం ఎవరిదో చూపించే పలక మా ఊళ్లోనూ ఉంది, కానీ అప్పటికి అది ఆరిపోయి నెలలైంది. డ్రోన్ నేను నడిపాను, ఉప్పు సంచి హంపమ్మ ఎత్తింది. మేఘాలు రాష్ట్రాల హద్దులు దాటుతాయి గనుక అది సమాఖ్య నేరం. చెరి పద్దెనిమిదేళ్లు వేశారు. అందులో సగం గడిచింది.

గుల్లలు గీకుతుంటే వార్డరు దాలమ్మ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది.

"సుంకులమ్మా, ఇన్నావేటి? పెద్దకోర్టోలు మేగం దొంగతనం కేసొకటి కొట్టీసినారంట. ఆ మేగం ఇంకొకలదని తెలీకుండా కురిపిస్తే అది నేరమే కాదంట!"

నా చేతిలోని కత్తి సముద్రంలో పడింది. దానికి రేపు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

హంపమ్మ గీకడం ఆపలేదు. "ఎవరి కేసో అది. మనకేం ఒరుగుతాదిలే అక్కా," అంది.

"పిచ్చిదానా, మనకూ తెల్దు గదే! పలక ఆరిపోయిందని మొదటి రోజు నుంచీ మొత్తుకున్నా గదా!"

అప్పుడు తల ఎత్తి నా వైపు చూసింది. ఇద్దరం తడి తాళ్ల మీదే కూలబడ్డాం. నాకు గంగరత్న గుర్తొచ్చింది. నా కూతురు. నా భర్త కేసుకు ముందే పోయాడు, పిల్లను తిప్పేస్వామి పెంచుతున్నాడు. నన్ను తీసుకుపోయేనాటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు.

ఆషాఢం, చివరి వారం. చిన్న జల్లు.

నాచు రెండు పడవలకు ఎక్కించాం. కొత్త కత్తి ఇచ్చారు.

లాయరు మెహరున్నీసా గారు పడవలో వచ్చారు. సముద్రం పడక ముఖం పాలిపోయి ఉంది. మంచినీళ్లు ఇస్తే తాగి, ఉప్పగా ఉన్నా ఏమీ అనకుండా గ్లాసు కింద పెట్టారు. ఆమె మొదట హంపమ్మ వైపు తిరిగారు.

"మీరు శిక్ష మీద ఇంతవరకూ ఒక్క పిటిషన్ కూడా వేయలేదు కదమ్మా?"

"లేదు మేడం. రాయమని అక్క పోరింది. నాకే మనసు రాలేదు."

"మంచిదైంది. కొత్త తీర్పు వచ్చిన ఏడాదిలోపు మొదటి పిటిషన్ వేయొచ్చు. మీకు శిక్ష వేసిన పీఠభూమి కోర్టులోనే వేస్తాను. మీరు బయటికి వస్తారు."

తర్వాత నా వైపు తిరిగారు. చెప్పే ముందు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సుంకులమ్మ గారూ, మీరు మొదటి ఏడాదే పిటిషన్ వేశారు."

వేశాను. పలక ఆరిపోయిందనీ, మాకు తెలియదనీ, మా తరఫు లాయరు ఆ సంగతి కోర్టులో ఎత్తనే లేదనీ నా చేత్తోనే రాసి పంపాను. తెలిసినా తెలియకపోయినా మేఘం దొంగతనం దొంగతనమేనని ఒక్క పేరాలో కొట్టేశారు. అప్పుడు చట్టాన్ని అలా చదివేవారు.

"నేను ఆ రోజు రాసిందే గదా మేడం, ఈ రోజు పెద్దకోర్టు చెప్పింది?"

"అదే. అక్షరం తేడా లేదు. కానీ ఒక శిక్ష మీద ఒక్క పిటిషనే. రెండోది వేయాలంటే పీఠభూమి కోర్టుకు పైనున్న కోర్టు అనుమతి కావాలి. కొత్త సాక్ష్యం దొరికితే ఇస్తారు. రాజ్యాంగం మీద కొత్త తీర్పు వస్తే ఇస్తారు. ఇది రెండూ కాదు. చట్టంలో పాత మాటకే సరైన అర్థం చెప్పారు, అంతే."

"సరైన అర్థం చెప్తే సరిపోదా?"

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. అనుమతి అడుగుతాననీ, అది రాకపోతే ఇంకో దారి ఉందనీ అన్నారు. పడవ ఎక్కేముందు వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకున్నారు.

హంపమ్మ ఆ పూట అన్నం తినలేదు. "నేను సోమరితనంతో ఊరకుంటిని. నువ్వు కష్టపడి రాస్తివి. ఇదేం లెక్క అక్కా?" అని అడిగింది. తినమని కసిరాను.

శ్రావణం, మూడో వారం. దక్షిణపు గాలి.

నాచు ఎండడం లేదు. కప్పి ఉంచాం.

అనుమతి రాలేదు. ఆ ఉత్తర్వు మీద మళ్లీ అప్పీలు ఉండదట.

భాద్రపదం, మొదటి వారం. అలలు ఎక్కువ.

పని సగమే జరిగింది. మధ్యాహ్నం నన్ను కోర్టు గదికి తీసుకుపోయారు. అది గది కాదు, వంటశాల పక్కన ఒక తెర, ఒక బల్ల.

మెహరున్నీసా గారు చెప్పిన ఇంకో దారి ఇదే, హెబియస్ కార్పస్. మనిషిని అక్రమంగా బంధించి ఉంచారని, ఆ మనిషి ఉన్న చోటి కోర్టును అడగడం. ఈ జైలు తేలే నీళ్లు తీర కోర్టు కిందికి వస్తాయి కనుక అక్కడ వేశారు.

తెర మీద జడ్జి గారు పెద్దావిడ. గొంతు మెత్తన. కాగితాలన్నీ చదివి వచ్చారని మాటల్లోనే తెలిసింది. మెహరున్నీసా గారు చాలాసేపు వాదించారు. ఈమె చేసింది నేరమే కాదని పెద్దకోర్టు చెప్పాక, ఈమెకు ఏదో ఒక తలుపు తెరిచి ఉండాలి గదా అన్నారు.

జడ్జి గారు నాతో నేరుగా మాట్లాడారు.

"సుంకులమ్మ గారూ, మీరు మా నీళ్లలో ఉన్నారు. మిమ్మల్ని కొట్టినా, తిండి పెట్టకపోయినా, శిక్ష పూర్తయ్యాక వదలకపోయినా నేను విచారించగలను. కానీ మీరు అడుగుతున్నది శిక్షే చెల్లదని. శిక్ష సంగతి శిక్ష వేసిన కోర్టే చూడాలి. అది పీఠభూమి కోర్టు. అక్కడికి వెళ్లే వీలు మీకు ఒకసారి ఉండింది, మీరు వాడుకున్నారు. అక్కడ మళ్లీ వినరన్న కారణంతో నేను వినడానికి చట్టం ఒప్పుకోదు."

"అమ్మా, నాదొక మాట," అన్నాను. మాట్లాడొద్దని దాలమ్మ సైగ చేసింది. జడ్జి గారు చెప్పమన్నారు.

"నేను నేరం చేసినానో లేదో మీరు చెప్పండి. ఇడిచిపెట్టకపోయినా సరే. అది మాత్రం చెప్పండి."

ఆమె ముందున్న కాగితాలు ఒకసారి తిరగేశారు.

"ఆ ప్రశ్న తీసుకునే అధికారమే నాకు లేదమ్మా. తీసుకుంటే..." అని ఆగిపోయారు. "పరిధి లేదు గనుక పిటిషన్ కొట్టివేస్తున్నాను."

తెర ఆరిపోయింది. వంటశాల నుంచి పప్పు మాడిన వాసన వస్తోంది. దాలమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "బెంగెట్టుకోకమ్మా," అంది. తనే కళ్లు ఒత్తుకుంటోంది.

జడ్జి గారి మీద నాకు కోపం రాలేదు. అరిచి పొమ్మన్నా బాగుండేది. మంచిమనిషి ముందు ఏం చెయ్యాలో తోచలేదు.

ఆశ్వయుజం, రెండో వారం. ఆకాశం శుభ్రం.

కొత్త నాచు మొలకలు తాళ్లకు కట్టాం. హంపమ్మ మునుపెన్నడూ లేనంత గట్టిగా ముడులు వేసింది. మాట్లాడడం తగ్గించింది. నేనూ.

కార్తీకం, మొదటి వారం. తుపాను పోయిన మర్నాడు.

తెగిన తాళ్లు లెక్క చూస్తున్నాం. సూపరింటెండెంట్ గారే స్వయంగా డెక్కు మీదికి వచ్చారు. పీఠభూమి కోర్టు హంపమ్మ పిటిషన్ ఒప్పుకుంది. ఆమె చేసింది నేరం కాదని, ఆమె మీద శిక్ష మొదటి నుంచీ చెల్లదని తీర్పు. అది చదివి వినిపించారు. అందులో పలక ఆరిపోయిన సంగతి ఉంది. ఎండిన చేను ఉంది. డ్రోన్ అద్దెకిచ్చిన కొట్టువాడి మాట ఉంది. నా పేరు కూడా ఉంది, ఆమెతో పాటు ఉన్న మనిషిగా. నేను రాసి పంపిన మాటలన్నీ అందులో వరసగా ఉన్నాయి.

నిజం రాయాలంటే, ఆ క్షణంలో హంపమ్మను చూడబుద్ధి కాలేదు. పెళ్లయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమెను సొంత చెల్లెలిలా చూసుకున్నదాన్ని. జ్వరం వస్తే కాళ్లు పట్టినదాన్ని. అయినా నా కడుపు మండింది. నేను పోరినప్పుడు రాసి ఉంటే ఇదీ నాతోపాటే ఉండిపోయేది గదా అన్న మాట నా లోపలి నుంచే వచ్చింది. ఆ మాట విని నేనే భయపడ్డాను.

హంపమ్మ సూపరింటెండెంట్ గారితో, "నేను పోను," అంది.

"ఏమిటి?"

"అక్కను ఇడిచిపెట్టే దాకా నేను పోను. ఇద్దరం కలిసి చేసిన పని. నాది నేరం కాకుంటే ఆమెది ఎట్లయితాది? ఈడనే ఉంటా. నాచు లాగుతా. కూడు పెట్టకున్నా సరే."

సూపరింటెండెంట్ గారు నెమ్మదస్థుడు. "చూడమ్మా, తీర్పు వచ్చాక మిమ్మల్ని ఒక్క పూట ఉంచుకునే అధికారం కూడా నాకు లేదు. ఉంచితే నేను నేరం చేసినట్టు," అన్నారు.

హంపమ్మ తాళ్లు కట్టే ఇనుప గుంజను రెండు చేతులా వాటేసుకుంది. ఇద్దరు వార్డర్లు లాగారు. రాలేదు. తొమ్మిదేళ్లు నాచు లాగిన చేతులు మరి. ఏడవలేదు, అరవలేదు. కళ్లు మూసుకుని పట్టుకుంది, అంతే. పడవవాడు ఆట్టే ఆగలేనని కూత వేస్తున్నాడు.

దాలమ్మ నా దగ్గరకు వచ్చింది. "నువ్వే సెప్పాలమ్మా. మా మాట ఇనదు."

వెళ్లి హంపమ్మ ముందు కూర్చున్నాను.

"ఒసే, గంగకు జడెవరు ఏస్తారే?"

"అది పెద్దదైంది. దానికి జడలు వచ్చు."

"వచ్చినా ఏసే మనిషి ఉండల్ల గదా. తిప్పేస్వామికి ఏం తెలుసు? పో. నా మాట ఇను."

"నువ్వు నన్ను తిట్టుకుంటాండావు. నాకు తెలుసు."

అబద్ధం చెప్పలేకపోయాను. "తిట్టుకుంటి. అయిపాయ. ఇంక పో."

ఆమె పట్టు సడలలేదు. అప్పుడు ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. ఎడమ చేతి వేళ్లు విప్పుతుంటే కుడి చేయి నా చీర కొంగు పట్టుకుంది. దాన్నీ విడిపించాను. వార్డర్లు ఆమెను ఎత్తుకుని పడవలో కూర్చోబెట్టారు. పడవ కదిలాక ఆమె గొంతు వినిపించింది. అక్కా అనే ఒక్క మాటే. నేను వెళ్లి తెగిన తాళ్ల లెక్క పూర్తి చేశాను.

కార్తీకం, చివరి వారం.

హంపమ్మ పడకకు కొత్త మనిషి రాలేదు. తాళ్లు లాగడానికి చేతులు చాలడం లేదని రాయవలసి వచ్చింది.

మార్గశిరం, రెండో వారం. మంచు.

ఇవాళ ములాఖత్ తెర. హంపమ్మ, గంగరత్న పక్కపక్కన కూర్చున్నారు. హంపమ్మ చిక్కిపోయింది. నేల ఊగకపోతే నిద్ర రావడం లేదంది. వాకిట్లో నవారు మంచం వేసుకుని పడుకుంటోందట. ఊళ్లో కొత్త పలక పెట్టారట, చాలా పెద్దదట. గంగ వయసుకు మించి ఎదిగింది. దాని ముఖంలో వాళ్ల నాన్న ఉన్నాడు.

అంతా బాగున్నట్టే మాట్లాడారు. గంగ నీళ్లకని లేచి వెళ్లాక హంపమ్మ తెరకు దగ్గరగా జరిగింది.

"అక్కా, నీకు చెప్పకుండా ఉండలేను. ఊళ్లో మాటలు మారినాయి."

"ఏమంటాండారు?"

"ఇన్నేండ్లూ ఇద్దరినీ అన్యాయంగా తీసుకపోయినారు అనేటోళ్లు. ఇప్పుడు, చిన్నామె తప్పు లేదని కోర్టే చెప్పె, అందుకే ఇడిచిరి. పెద్దామెను ఇడవలేదంటే ఆమెకు తెలిసే చేసి ఉంటాది అంటాండారు. నేను ఇంటింటికీ పోయి కొట్లాడినా. పిటిషన్లు, పరిధులు అని చెప్తే నా మొకం చూసి నగుతారు. బళ్లో గంగతో ఎవరూ కూచోరంట."

ఆమె విడుదల నాకు ఇలా వచ్చి తగులుతుందని మెహరున్నీసా గారు కూడా ఊహించి ఉండరు.

"పోయి కొట్లాడొద్దు," అన్నాను. "నువ్వు కొట్లాడేకొద్దీ నమ్మరు. ఇంట్లో ఉండు. సేద్యం చూసుకో. నవ్వుతా కనపడు."

"యాడ నగేది అక్కా!"

గంగ నీళ్ల చెంబుతో తిరిగి వచ్చింది. మా ముఖాలు చూసి ఏమీ అడగలేదు. దానికి అంతా తెలుసని అప్పుడు నాకు అర్థమైంది.

పుష్యం, మొదటి వారం. సముద్రం నెమ్మది.

నాచు కోత పూర్తి. ఈసారి దిగుబడి మంచిదని మెచ్చుకున్నారు.

మెహరున్నీసా గారు మళ్లీ వచ్చారు. ఈసారి తెచ్చింది కోర్టు కాగితం కాదు.

"క్షమాభిక్ష," అన్నారు. "కోర్టులకు పరిధులు ఉంటాయి, సమాఖ్య అధ్యక్షుడికి లేవు. ఆయన ఎవరినైనా వదలొచ్చు. హంపమ్మ గారి తీర్పు జత చేస్తాను. అవకాశం ఉంది. ఉందనే నా నమ్మకం."

"మరి ముందే చెప్పలేదేం మేడం?"

ఆమె కాగితం తిప్పి నా ముందు పెట్టారు. చివర్లో ఒక ఖాళీ ఉంది. దరఖాస్తుదారు తన నేరాన్ని సొంత మాటల్లో ఒప్పుకుని పశ్చాత్తాపం తెలపాలి. ఒప్పుకోని దరఖాస్తులను చూడరు.

"నేరం చేయనివాళ్లను ఏమని క్షమిస్తారండీ? అందుకే ఇన్నాళ్లూ ఇది తేవడానికి నాకు చేతులు రాలేదు," అన్నారామె.

"ఒప్పుకుంటే ఊరు అన్నదే నిజమయితాది."

"అవును."

"ఒప్పుకోకుంటే ఇంకా తొమ్మిదేండ్లు."

"అవును. మీరు ఎలా అంటే అలా. నేను ఒత్తిడి చేయను."

కాగితం నా దగ్గర వదిలి వెళ్లారు.

పుష్యం, మూడో వారం. గాలి లేదు.

పని మామూలే.

ఇవాళ తెర మీద గంగ ఒక్కతే వచ్చింది. పిన్నమ్మను ఇంట్లో ఉండమన్నానంది. దరఖాస్తు సంగతి దానితో ఎలా ఎత్తాలా అనుకుంటున్నాను. అదే ఎత్తింది.

"లాయరు మేడం పిన్నమ్మకు ఫోన్ చేసింది. నేను ఇన్నా. అమ్మా, రాసెయ్."

"ఏమని రాయల్లో తెలుసా నీకు? తెలిసే చేసినానని. నువ్వు దొంగ కూతురివే అని నా చేత్తో రాసినట్టు."

"ఊళ్లో అందరూ అదే అంటాండారు గదా. కొత్తగా ఏమొస్తాది?"

"నీకు రోషం లేదా?"

"ఉంది." గంగ కళ్లు దించలేదు. "మొదట్లో కొట్టినా గూడ. ఇద్దరు పిల్లోళ్లను. బళ్లో నిలబెట్టినారు. నాకు రోషం చాలమ్మా. నాకు నువ్వు కావల్ల. నీ గొంతు ఈ తెరలోంచి తప్ప ఎట్లుంటాదో నాకు తెల్దు. నువ్వు దొంగవని రాసుకో, హంతకురాలివని రాసుకో. వచ్చి ఇంట్లో ఉండు. జరిగింది నాకు తెలుసు, పిన్నమ్మకు తెలుసు. చాలదా?"

టైమైపోయిందని దాలమ్మ తలుపు తట్టింది. ఇంకాసేపు మాట్లాడుకొమ్మని తనే మళ్లీ తలుపు మూసింది. గంగ తెర మీద అరచెయ్యి ఆనించింది. నేనూ ఆనించాను. తెర వెచ్చగా ఉంది. యంత్రం వేడి.

పుష్యం, చివరి వారం. అలలు మామూలు.

ఉదయం తాళ్లకు మొలకలు కట్టి, మధ్యాహ్నం సెలవు అడిగి దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాను. సాక్షిగా దాలమ్మ ఎదురుగా కూర్చుంది.

పెన్ను పట్టుకుని మొదట ఒక విడి కాగితం మీద ఇలా రాశాను: "నా నేరం ఏమిటంటే, న్యాయం కావాలని మొదటి ఏడాదే అడిగాను. నా తోడికోడలిలా ఊరుకుని ఉంటే ఈ పాటికి ఇంట్లో ఉండేదాన్ని. అందుకు పశ్చాత్తాపపడుతున్నాను."

చదివి వినిపించమంది దాలమ్మ. వినిపించాను.

"బాగుందమ్మా. నిజిమే. గానీ ఇది సదివితే నిన్నొగ్గుతారేటి?"

వదలరు. ఆ కాగితం చింపి, దరఖాస్తు తీసుకున్నాను. ఈసారి మెల్లగా, అక్షరాలు గుండ్రంగా వచ్చేలా రాశాను. ఆ మేఘం జలాశయానికి కేటాయించిందని నాకు తెలుసు. పలక వెలుగుతూనే ఉంది, నేను చూశాను. మా తోడికోడలికి చెప్పలేదు. తెలిసే డ్రోన్ ఎగరేశాను. ఎండిపోతున్న చేను చూసి దురాశపడ్డాను. జరిగినదానికి సిగ్గుపడుతున్నాను.

ఇంత అబద్ధం ఒక్కచోట నేనెప్పుడూ రాయలేదు.

"ఎల్లిపోతావులే అమ్మా," అంది దాలమ్మ. సాక్షి సంతకం చేసి, ఖైదీలు వేలిముద్రే వేయాలి గనుక ఇంకు పలక నా ముందుకు జరిపింది.

పైనున్నదంతా చదివి, అక్షరాలా నిజమని ఒప్పుకుంటూ, కూతురు గంగరత్న కోసం వేలిముద్ర వేశాను.